ఇటు దిక్కంటే ఏ దిక్కు?

మా ఇంజనీరు సాబ్ పోయారన్న కబురు వచ్చినప్పుడు కామారెడ్డిలోని నా వెల్డింగ్ షెడ్డులో గ్రైండర్ మోగుతోంది. ఫోన్లో ఆయన కొడుకు మాట సగమే వినపడింది. గ్రైండర్ ఆపించి మళ్లీ చెప్పమన్నాను. పాపం, ఆ మాట ఆ పిల్లాడితో రెండుసార్లు చెప్పించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

పల్లెల్లో చిన్న చిన్న వంతెనలు కట్టించిన మనిషి ఆయన. ఉక్కు దూలాలు నేను చేసి ఇచ్చేవాణ్ని. యార్డులో ముందే పోసిన కాంక్రీటు పలకలను తెచ్చి వాటి మీద పరిచేవాళ్లు. దూలం మీద వరసగా వెల్డింగ్ చేసే, తలలున్న పొట్టి కడ్డీలను ఇంజనీర్లు షియర్ స్టడ్లు అంటారు. మా షెడ్డులో పుట్టకొక్కులంటాం, అచ్చం అట్లాగే ఉంటాయి మరి. ఒక్కో పలకలో దాని చోటికి తగ్గట్టు వదిలిన రంధ్రాల్లోంచి అవి పైకి రావాలి, చుట్టూ గ్రౌటు, అంటే జారుడు సిమెంటు, నింపాలి. అప్పుడే పలక జారకుండా దూలంతో కలిసి బరువు మోస్తుంది.

"పైన కూసున్నంత మాత్రాన పొత్తు అయితదా తమ్మీ? పట్టుండాలె" అనేవారు సాబ్. ఒక్కో స్టడ్డునూ సుత్తితో కొట్టి వినేవారు, అవ్వలు కుండ కొనేముందు తట్టి చూసినట్టు. మోత తేడాగా ఉంటే నాకు తిట్లే. తిట్టాక చాయ్ కూడా ఆయనే తాగించేవారు.

కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ, లింగంపేట దగ్గర వాగు మీద పని చేస్తున్నప్పటి సంగతి. మబ్బు కమ్ముకొచ్చింది. పైన ఎక్కడో వాన పడి వాగు పెరుగుతోంది. క్రేను వాగులోనే ఉంది. కామారెడ్డి వైపు చివర పెట్టాల్సిన మొదటి పలకను దించుతుంటే రంధ్రాలు ఒకచోట, స్టడ్లు ఇంకోచోట! "ఆపు, ఆపు!" అని అరిచాను. అంత బరువు పలక మా నెత్తుల పైన వేలాడుతూ ఊగుతోంది.

కాంట్రాక్టరు నా మీదికి వచ్చాడు. "ఏం జూస్తున్నవ్? గ్యాస్ కట్టర్ తీస్కో. అడ్డమొచ్చినయన్ని కోసెయ్. గ్రౌటు పోసినంక ఎవనికి కనవడ్తది?"

"జల్ది చెప్పుండ్రి! నీళ్లు టైర్లకొచ్చినయ్!" అని క్రేను డ్రైవరు కేకలు.

మా చెల్లెలిది వాగవతలి ఊరే. చుట్టిన బీడీలు నెత్తిన పెట్టుకుని రేపు ఆ వంతెన మీదే నడవాలి, వెనకే వడ్ల ట్రాక్టర్లు వస్తుంటాయి. సాబ్ వైపు తిరిగాను. "సాబ్, ఏం జేయమంటరు?"

సాబ్ పలక అంచున యార్డువాళ్లు రాసింది చూశారు. ముఖం పాలిపోయింది.

"తప్పు నాదే" అన్నారు, అందరికీ వినపడేలా. "ఈ పలక ఇటు దిక్కుదని ఫోన్ల చెప్పిన. నేను ఎల్లారెడ్డిల ఉండి చెప్పిన, వాళ్లు కామారెడ్డిల ఉండి విన్నరు. గందుకే దీని మీద కామారెడ్డి అని రాసిండ్రు."

"అయితే కోసుడేనా?" అన్నాడు కాంట్రాక్టరు.

"ఒక్కటి గూడ కోయొద్దు. పలక ఒడ్డుకు పెట్టు, క్రేను బయటికి తియ్యి."

కాంట్రాక్టరు నోటికొచ్చినట్టు తిట్టాడు. సాబ్ తల వంచుకుని అన్నీ పడ్డారు, మాట మాత్రం మార్చలేదు. క్రేను ఒడ్డెక్కిన కాసేపటికే అది నిలబడ్డ చోట నీళ్లు సుడి తిరిగాయి. అమ్మయ్యో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వాగు తగ్గాక పలకల వరస తారుమారు చేసి పరిచాం. పుట్టకొక్కులన్నీ రంధ్రాల్లోంచి తలలెత్తాయి.

అప్పటి నుంచి సాబ్ నోట 'ఇటు', 'అటు' అన్న మాటే లేదు. దావత్‌లో కూర గిన్నె కావాలన్నా "జర ఎల్లారెడ్డి దిక్కు జరుపు తమ్మీ" అనేవారు. మేం పడీపడీ నవ్వితే, "నవ్వుండ్రి, పని కాడ మాత్రం మర్వకుండ్రి" అనేవారు.

కామారెడ్డి ఖబరస్తాన్‌లో ఆయన్ను దించాక, పైనున్న ఒక పెద్దమనిషి "మొఖం జర ఇటు దిక్కు తిప్పుండ్రి" అన్నాడు. గుంతలో ఉన్న కొడుకు చేతులు ఆగిపోయాయి. కళ్లనిండా నీళ్లతో తలెత్తి నన్ను చూశాడు.

ముఖం తిప్పాల్సిన మక్కా దిక్కు, ఖిబ్లా, ఇక్కడికి పడమర. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి కూడా పడమరే.

"ఎల్లారెడ్డి దిక్కు బిడ్డా" అన్నాను.

సాబ్ ముఖం మెల్లగా మా వంతెన వైపు తిరిగింది. ఆపైన ఒక్కో బండనూ దించి పరిచారు.