అణిగిన సున్నాలు

నాకు గణితం వచ్చని గట్టిగా నమ్మిన రోజుల్లో, మా బాపుకు సున్నా గీయడం రాదని కూడా అంతే గట్టిగా నమ్మాను. సోలాపూర్‌లో ఒక చద్దర్ల కార్ఖానాకు నాన్న డిజైన్ మాస్టర్. నీలం నగర్‌లోని మా రెండు గదుల ఇంట్లో నేల మీద గ్రాఫ్ కాగితం పరిచి, పూలు, నెమళ్లు గీసేవాడు. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలను బట్టి మగ్గం నేస్తుంది. బాపు గీసిన గుండ్రాలన్నీ ఎవరో పైన కూర్చుని లేచినట్టు అణిగి ఉండేవి. ఏడో తరగతిలో వృత్తలేఖిని చేతికొచ్చినప్పటి నుంచీ ఆ మాట అంటూనే ఉన్నాను. "మాకు గిట్లనే నడుస్తది బిడ్డా" అని నవ్వేవాడు. జవాబు లేనివాళ్లే అలా నవ్వుతారని నా అభిప్రాయం.

తొంభైల నడుమ, నేను బీఎస్సీ చివరి ఏడాదిలో ఉండగా, బాపు కంటికి ఆపరేషన్ చేసి పొర తీశారు. సోడాబుడ్డి అద్దాల చష్మా ఇచ్చారు. అందులోంచి చూస్తే దర్వాజా కూడా విల్లులా వంగి కనిపిస్తుందట. గళ్లు లెక్కపెట్టగలడు, రంగు నింపగలడు. వంపు ఎటు తిరుగుతున్నదో మాత్రం తెలియదు. ఒక చద్దరు మీద నెమలి మెడ విరిగి వచ్చింది.

కార్ఖానా సేఠ్ తెలుగువాడే, మొహమాటం ఉన్నవాడే. అయినా అనేశాడు. "ఇంకొక్క నమునా చూస్తా మాస్టర్. నడుమ ఎనిమిది రేకుల పువ్వు రావాలె. అది సుత చెడితే, ఇగ నువ్వు కండెల కాడ కూసోవుడే."

ముప్పై ఏళ్లు బొమ్మలు గీసిన మనిషి ఇక కండెలకు నూలు చుట్టాలన్నమాట. ఆ పూట బాపు కంచం ముందు కూర్చుని, కలిపిన అన్నం కలిపినట్టే వదిలి లేచాడు.

"నేను గీస్త బాపూ" అన్నాను.

"నీకు వస్తదా?"

"నాకు రాదు. కంప్యూటర్‌కు వస్తది."

మా కాలేజీకి అప్పుడే కంప్యూటర్లు వచ్చాయి. చెప్పులు బయట విడిచి, గుడికి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. అందులో ఒక ప్రోగ్రాం ఉండేది. సమీకరణం టైపు చేస్తే నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత తనంతట తానే పాకుతూ బొమ్మ కట్టేది. ఒక చోట మూడు వేస్తే మూడు రేకులు విచ్చుకున్నాయి, నాలుగు వేస్తే ఎనిమిది; సరి సంఖ్య వేస్తే రేకులు రెట్టింపు. బాణం మీటలు నొక్కుతుంటే పువ్వు పెరిగేది, తగ్గేది. నా చేతితో ఏడాది కూర్చున్నా రాని వంపులు. గళ్లతో సహా అచ్చు వేయించి, గెలిచినదానిలా ఇంటికి తెచ్చాను.

బాపు కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గళ్లు లెక్కపెట్టాడు. "అడ్డం నూట ఇరవై. నిలువు సుత నూట ఇరవైయేనా? గింత నిండుగ వద్దు బిడ్డా, పైనుంచి జర వత్తు."

"వత్తుడెందుకు? గుండ్రమంటే అన్ని దిక్కులా సమానం."

"మగ్గం కాడ అట్ల కాదే..."

"మగ్గం కాడ గణితం మారుతదా?"

ఆయన చష్మా తీసి తుడుచుకున్నాడు. "నా కన్నే సక్కగ లేదు. నువ్వన్నదే బరోబర్ కావచ్చు" అన్నాడు. ఆ మాటకు నేను ఆగాల్సింది. ఆగలేదు.

నమునా చద్దరు నేసి విప్పితే, నడుమ పువ్వు నిలువుగా సాగి కూర్చుంది. "పువ్వు అడిగితే గుడ్డు పెట్టినవ్ మాస్టర్" అన్నాడు సేఠ్. బాపు తల వంచుకున్నాడు. ఆ సంగతి తెలియగానే నేనే కార్ఖానాకు వెళ్లాను. "గుడ్డు పెట్టింది నేను సేఠ్. ఆయన వద్దన్నడు, నేను ఇనలే. ఆయన చెప్పినట్టు ఒక్కసారి నేసి చూడుండ్రి" అని వాదించాను. వాదించడం నాకు కొత్త కాదు, తప్పు ఒప్పుకుంటూ వాదించడం కొత్త. సేఠ్ సోమవారం దాకా గడువిచ్చి, ఆ చద్దరును నా చేతిలోనే పెట్టి పంపాడు.

ఇంట్లో అమ్మ బీడీలు చుడుతూ తల ఎత్తకుండానే అంది. "వత్తుమన్ననాడే వత్తితే అయిపోతుండె. నీకు నోరెక్కువ, చెవులు తక్కువ."

చద్దరును నేల మీద పరిచి, స్కేలు పెట్టి, గుండుసూదితో పోగులు లెక్కపెట్టాను. అంగుళంలో నిలువుగా పోయే పడుగు పోగులు నలభై. అడ్డంగా పోయే పేక పోగులు ముప్పై. కాగితం మీద గడి చదరంగా ఉంటుంది. బట్టలో మాత్రం గడికి ఒక పడుగు, ఒక పేక; పేక పలచన కాబట్టి దాని ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. సమానంగా గీస్తే సాగక ఏమవుతుంది? పెట్టె కింద నుంచి బాపు పాత కాగితాలు లాగాను. ఒక గుండ్రం అడ్డం ఎనభై గళ్లు, నిలువు అరవై. ఇంకొకటి నలభై, ముప్పై. నేను ఇన్నేళ్లు వెక్కిరించిన ప్రతి సున్నా ముప్పావు వంతుకే అణిగి ఉంది. సమీకరణం తెలియని చెయ్యి ఒక్కచోటా లెక్క తప్పలేదు.

మర్నాడు ల్యాబ్‌లో నిలువు కొలతను ముప్పావుతో గుణించాను. తెర మీది పువ్వు కిందికి కుంగింది. అచ్చం మా బాపు గీసినట్టే ఉంది.

సోమవారం సాయంత్రం బాపు కొత్త నమునాను చంకలో పెట్టుకుని వచ్చాడు. నేల మీద పరిచాడు. అమ్మ తంబాకు చేతులు కొంగుకు తుడుచుకుని, స్టీలు పళ్లెం తెచ్చి పువ్వు మీద బోర్లించింది. ఎనిమిది రేకుల కొసలూ అంచు చుట్టూ ఒకే తీరుగా తొంగిచూశాయి. నా భుజాలు అప్పుడు దిగాయి. వారం రోజులుగా వాటిని పైకి ఎత్తిపట్టుకుని ఉన్నానని అప్పుడే తెలిసింది. ఆ పూట బాపు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

"సేఠ్ ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమంటడు. పన్నెండు రేకులది ఇంకోటి గియ్యమన్నడు."

"ఆరు వేస్తే పన్నెండు వస్తయి."

"నువ్వు ఆరే వెయ్యి, అరవైయే వెయ్యి" అన్నాడు బాపు, మజ్జిగ పోసుకుంటూ. "కానీ జర వత్తు."

"వత్తుత" అన్నాను. ఎదురు చెప్పనందుకు అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.