నాలుగో మరుగుదొడ్డి

మా తోడికోడలు నోట్లో నాలుక లేని మనిషి. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా మరుగుదొడ్లు కడుగుతోంది. అక్కడ రెండువందల మంది ఆడవాళ్ళకి ఉన్నవి మూడు. ఒకదానికి గడియ లేదు, ఒకదాంట్లో నీళ్ళు రావు. మూడోదాని సంగతి అడక్కండి. వాటికైనా పోవాలంటే కుట్టేవాళ్ళకే వంతు. కడిగేదానికి వంతు లేదు.

నాలుగోది ఒకటుంది. తెల్లటి పలకలు, అద్దం, వాసన సబ్బు. దాని తాళంచెవి సూపర్‌వైజర్ నడుముకి వేలాడుతుంది. సరుకు కొనే కంపెనీవాళ్ళు ఏడాదికోసారి వస్తారు, పనివాళ్ళని మనుషుల్లా చూస్తున్నారా లేదా అని. ఆ ఒక్కరోజే తాళం తీసి ఉంచుతారు. తక్కిన రోజుల్లో, ఎవరూ పోని ఆ దొడ్డిని మా తోడికోడలు పొద్దునా సాయంత్రం కడగాలి. ఆమె బయటికి రాగానే మళ్ళీ తాళం.

ఆమె పొద్దున లేచి నీళ్ళు తాగేది కాదు. తాగితే పోవాలి కదక్కా అనేది. మంట, జ్వరం పట్టుకున్నాయి. రెండోసారి మంచం ఎక్కినప్పుడు, ఇలాగే ఉంటే మూత్రపిండాలు పోతాయని డాక్టరమ్మ కేకలేసింది. ఆ నాలుగోదానికి పోనివ్వండని సూపర్‌వైజర్‌ని అడిగితే, "కడిగేదానివి నువ్వే మురికి చేస్తే ఎట్లా?" అన్నాడట, పళ్ళికిలించి. వాడి మొహాన ఉమ్మాలనిపించింది నాకు.

ఈసారి కంపెనీవాళ్ళతో ఒక పెద్దావిడ వచ్చింది. అన్నీ బాగున్నాయండీ అనాలని ముందురోజే అందరికీ పాఠం చెప్పారు. ఆవిడ నాలుగోదాంట్లోకి తొంగిచూసి, రోజూ వాడతారా అని అడిగింది. వాడతారండీ అన్నాడు సూపర్‌వైజర్.

"మరి కమోడ్ మూతకి అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడలేదేం?"

ఎప్పుడూ కొత్తగా కనబడాలని, దాన్ని ఊడనివ్వకుండా పైపైన తుడవమని నాలుగేళ్ళుగా చెబుతున్నది వాడే. తెలివి తెల్లారినట్టే ఉంది.

పాఠం అప్పజెప్పమని వాడు మా తోడికోడలి వైపు కళ్ళురిమాడు. ఆమె చీపురు గోడకి ఆనించింది.

"ఉండండమ్మా, ఇప్పుడే ఊడదీస్తాను" అని లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

ప్లాస్టిక్ చిరిగిన చప్పుడు అందరికీ వినబడిందట. ఆ తర్వాత చాలాసేపు ఆమె రాలేదు. వచ్చినవాళ్ళు, యజమాని, వాడు, అందరూ తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

తాళం పోయింది. కానీ వారం తిరక్కుండా ఆ తలుపు పక్కన ఒక ఫోటో వేలాడదీశారు. క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి కళ్ళారా చూశాను. మా తోడికోడలి చేతిలో పూలగుత్తి, పక్కన ఇకిలిస్తూ సూపర్‌వైజర్. మా సంస్థలో అందరూ సమానమే అని కింద పెద్దక్షరాలు. మనిషి ఒంటేలుకి పోయినందుకు పూలగుత్తి ఇచ్చారు, సిగ్గులేని జన్మలు. రెండు పూటలు నాకు అన్నం సయించలేదు.

ఆమె మాత్రం పోనీలే అక్కా అంది. మర్నాడు పనికి పోయేముందు, నా ఎదురుగానే చెంబెత్తి, గుక్క తిప్పుకోకుండా నీళ్ళన్నీ తాగింది.