ఆమె చేతికే మాజూం

రాజూరా బజారులో మాజూం బాపయ్యకు ఒకే ఒక్క తిక్క ఉండేది. ఆలుమగల మధ్య సరసం పెంచుతుందని జనం తినే ఆ భంగు ముద్దను మగవాడి చేతికి చచ్చినా ఇచ్చేవాడు కాదు. పెళ్లాం స్వయంగా దుకాణానికి రావాలి. అది ఎందుకో తెలుసని చెప్పాలి. తనకూ కావాలని నోరు తెరిచి అడగాలి. కొనేవాళ్లేమో నూటికి తొంభై మంది మగవాళ్లు.

ఈ తిక్కతో కాపురం చేసింది ఐలమ్మ. భంగు నూరేది ఆమె, బెల్లం పాకం పట్టేది ఆమె, తెర వెనక కూర్చుని గిరాకీ తిరిగిపోతుంటే చూసేదీ ఆమే.

"బాపయ్యా, రెండు ముద్దలియ్యి."

"ఆమెను తోలుకరా."

"ఆమెకు సిగ్గయితదే."

"సిగ్గు పోయినంక ఇద్దరు రాండ్రి."

అడిగినవాడు నేరుగా వార్ధా నది దాటిపోయి బల్లార్‌పూర్‌లో కొనుక్కునేవాడు. అక్కడి వ్యాపారి మిద్దె కట్టాడు. ఐలమ్మ ఇల్లు వాన పడ్డప్పుడల్లా కారేది.

పట్టుదల గలవాళ్లు దొంగ పెళ్లాలను తెచ్చేవాళ్లు. సమ్మన్న ఒకసారి మేనత్తకు ముసుగేసి తెచ్చాడు.

"ఈమె నీ పెండ్లామా?"

"అవ్."

"పోయిన యేడు ఈమె మనుమరాలి పెండ్లిల మనిద్దరం ఒక్క బంతిల తిన్నం గద."

మొగిలి ఇంకా తెలివైనవాడు. సంతలో కూరగాయలమ్మే ముసలమ్మను మాట్లాడుకుని తెచ్చాడు. బాపయ్య తన మామూలు ప్రశ్న వేశాడు. "ఇది ఎందుకో ఎరుకనా అవ్వా?"

"నాకేమెరుక బిడ్డా. గీయన గంపెడు వంకాయలు కొంటనన్నడు, వచ్చిన."

మొగిలి పారిపోయాడు. ముసలమ్మ బేరం చెడిందని గంప మొత్తం బాపయ్యే కొన్నాడు. ఆ వారమంతా ఐలమ్మ వంకాయ వండింది, వంకాయను తిట్టింది, వంకాయ తిన్నది.

దొడ్డిదారిన కొంగు కప్పుకుని వచ్చే ఆడవాళ్లూ కొందరుండేవాళ్లు. కొందరు ముద్ద అడిగేవాళ్లు. ఇంకొందరు, "మా ఆయిన నన్ను తోలుకొస్తె సరుకు లేదని చెప్పు" అని పోయేవాళ్లు. ఆ మొగుళ్లు పెళ్లాలను వెంటబెట్టుకుని వస్తే బాపయ్య ఖాళీ డబ్బా బోర్లించి చూపేవాడు. నిండు డబ్బా ఐలమ్మ ఒడిలో ఉండేది.

రాష్ట్రాల గీతలు మారుతున్న రోజులవి. రాజూరా హైదరాబాదు రాష్ట్రంలో పడుకుని బొంబాయి రాష్ట్రంలో లేచింది. మొదట నాందేడు జిల్లా అన్నారు, తర్వాత చాందా జిల్లా అన్నారు. నిజాం నాటి ఉర్దూ లైసెన్సు చెల్లదని మరాఠీలో నోటీసు వచ్చింది. దానికి బాపయ్య జవాబు తెలుగు తిట్లలో ఇచ్చాడు. కొత్త పర్మిట్ మీద సంతకం పెట్టవలసిన అధికారి అనంతరావు ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"కాగితాలు బరోబర్ ఉన్నాయి బాపయ్యా. సంతకానిదేముంది, చిటికెలో పెడతా. నాలుగు ముద్దలు పొట్లం కట్టు. మా ఆవిడకు పాలలో కలిపితే తెలుస్తుందా?"

తెర వెనక ఐలమ్మ అప్పటికే పొట్లం కట్టింది.

"బాయిసాబ్‌ను తోలుకరాండ్రి సాబ్" అన్నాడు బాపయ్య.

అనంతరావు కలం జేబులో పెట్టుకుని లేచాడు. "సోమవారం దాకా ఆలోచించుకో. ఆ తర్వాత తాళం పడుతుంది."

ఆయన వీధి మలుపు తిరగకముందే ఐలమ్మ తెర లాగేసింది. "దుకాణం పోతె ఏం తింటం? నీ నియమం వండుకోని తిందమా? పద్దెనిమిదేండ్ల సంది ఊరందరి పెండ్లాల మీద ఉన్న పాయిరం నా మీద లేకపాయె."

బాపయ్య చాలాసేపు త్రాసు తుడిచాడు. "మన పెండ్లయినంక నువ్వు మూడు దినాలు లేవలే, యాదున్నదా?"

"లేకేం. దిష్టి తాకిందని నల్లకోడిని కోసిరి."

"దిష్టి గాదు. మా నాయిన నీ లడ్డుల మాజూం కలిపిండు. నీది మారుమనువాయె, బెదురుతవని. నాకు చెవుల చెప్పిండు, పనిచేస్తదని. నువ్వు నవ్వుడు, ఏడ్సుడు, గోడను చూసి భయపడుడు. నేను మూడు దినాలు అరుగు మీదనే కూసున్న, లోపలికి రాలే."

అరుగు మీద కూర్చున్న ఆ మూడు రోజులను ఐలమ్మ ఇంకోలా లెక్కేసుకుంది. ముందొకడితో కాపురం చేసిన మనిషినని అసహ్యించుకున్నాడనే అనుకుంది. పద్దెనిమిదేళ్లపాటు ఆ కోపాన్నే పోపు వేసి అన్నంలోకి పెట్టింది.

"ముందుగాల్నే చెప్తె నీ నోరు పోతుండెనా?"

"సిగ్గయింది."

"ఉత్తపుణ్యానికి కోడి పాయె" అంది ఐలమ్మ.

సోమవారం అనంతరావు వచ్చేసరికి బాపయ్య కోఠారి సంతకు పోయి ఉన్నాడు. పర్మిట్ కాగితం బల్ల మీద పరిచి, కలం మూత తీసి, ఆయన ఐలమ్మ వైపు చెయ్యి చాచాడు. పొట్లం ఆమె చేతిలోనే ఉంది. ఇస్తే దుకాణం నిలుస్తుంది. అడిగేవాళ్లు లేరు, చూసేవాళ్లూ లేరు.

"బాయిసాబ్‌ను అడిగిన్రా సాబ్?"

"అడిగితే ఆమె ఒప్పుకోదు."

"మరి జవాబు వచ్చె గద సాబ్" అని ఐలమ్మ పొట్లం విప్పి ముద్దలను డబ్బాలో వేసేసింది.

మధ్యాహ్నానికల్లా డబ్బాలను జప్తు చేసి దుకాణానికి తాళం వేశారు. సంత నుంచి తిరిగొచ్చిన బాపయ్య లక్క ముద్రను చూశాడు, అరుగు మీదున్న పెళ్లాన్ని చూశాడు, జరిగింది విన్నాడు. "నేనన్న నాలుగు దినాలు తిప్పిచ్చుకోని ఇయ్యనంటుంటి. నువ్వు నాకన్న మొండిదానివి" అన్నాడు భయంభయంగా.

ఇంట్లో మిగిలింది భంగు నూరిన రాయి, అరకుంచెడు మినపపప్పు. అరుగు మీదే గారెలు అమ్ముదామని ఐలమ్మ తేల్చింది. రాయిని బావి దగ్గరికి దొర్లించి బూడిదతో తోమింది. కడిగింది, వాసన చూసింది, మళ్లీ తోమింది. అయిదోసారికి బాపయ్య ఓపిక నశించింది.

"ఎన్నిసార్లు కడుగుతవే? ఉంటె ఇంత వాసనుంటది, అంతే గద. గిరాకీ గూడ జర పెరుగుతది."

"తెల్వకుంట తింటె ఎట్లుంటదో నాకెరుక, నీకేమెరుక? ఇంకో బొక్కెన నీళ్లు చేదు" అంది ఐలమ్మ.

బాపయ్య చేదాడు.