అల్లుడుగారి బార్లీ మిల్లుకు నేను బిగించిన మరలు

అల్లుడికి రాబోయే మంచి పనిని పిండి పిండి చేసిన అత్తను ఈ లోకంలో నేనొక్కదాన్నేనేమో. మాటవరసకు అనడం లేదు. నిజంగానే పిండి చేశాను, జల్లెడ పట్టి మరీ. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, రాతలో వంకరలుంటే సర్దుకోండి. చేతల్లో వంకరలు నేనే చెబుతాను.

అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. మా అమ్మాయి సుధ కాపురం చూద్దామని దుబాయ్ వెళ్ళాను. అల్ కుసైస్‌లో రెండు గదుల ఫ్లాటు. ఊడ్చిందే ఊడ్చి, తుడిచిందే తుడిచి, పదో రోజుకల్లా నా చేతులు కట్టేసిన లేగదూడల్లా గుంజుకోవడం మొదలెట్టాయి. బాల్కనీ నుంచి వంటగదికి, వంటగది నుంచి బాల్కనీకి నేను తిరిగిన తిరుగుడు ఒకే దారిన నడిచుంటే మా ఊరు తెనాలి వచ్చేసేది.

"కాసేపు కూర్చోవే అమ్మా, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేది సుధ.

కూర్చుంటే నాకు తిరుగుతాయి మరి!

మా అల్లుడు రవిగారు జెబెల్ అలీలో జ్యూసుల ఫ్యాక్టరీలో, సీసాలు నింపే మిషను దగ్గర పనిచేసేవారు. నిలబడి చేసే షిఫ్టు డ్యూటీ. కాళ్ళు వాచిపోయేవి. ఆయన ముదీర్, అంటే పై ఆఫీసరు, ఒకనాడు ఓ మాట అన్నాడట: "ఇంట్లో బార్లీ పానీయం చేస్తావటగా, ఆదివారం పట్టుకురా. బాగుంటే నిన్ను శాంపిల్ గదిలోకి మారుస్తా." శాంపిల్ గదంటే పగటి డ్యూటీ, పైగా కూర్చోడానికి కుర్చీ. ఆ కుర్చీ కోసం ఆయన ఏడాదిగా తపిస్తున్నారు.

శుక్రవారం పొద్దున్నే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ సంచి విప్పారు. ఆ రకం మళ్ళీ రావాలంటే నెల పడుతుందట.

"ఇందులో మత్తుంటుందేమో కనుక్కోవే" అన్నాను సుధతో, ఆయనకు వినపడేలా.

"పులియబెట్టనండీ అత్తయ్యగారూ. గింజ నలగ్గొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్ళు దింపుకుని, నిమ్మరసం కలిపి గ్యాసు పట్టించడమే. పసిపిల్లలు కూడా తాగొచ్చు."

దానికో చిన్న మిల్లు. పక్కపక్కనే రెండు ఇనప రోలర్లు, తిప్పడానికి ఓ పిడి, మధ్య సందు పెంచడానికీ తగ్గించడానికీ అటూ ఇటూ రెండు మరలు. ఆయన పాత మెట్రో కార్డు ఆ సందులో దూర్చి, తీసి, మళ్ళీ దూర్చి, కంసాలి కాసు తూచినట్టు మరలు సవరించారు. గుప్పెడు గింజలు ఆడించి, అరచేతిలో పోసుకుని మురిసిపోయారు.

"సరిగ్గా కుదిరింది! దీన్నెవరూ ముట్టుకోకండి. నిమ్మకాయలు తెస్తాను" అని, అడుగున కొళాయి ఉన్న పెద్ద డబ్బాలో వేడినీళ్ళు పోసి, మూతపెట్టి వెళ్ళారు.

నేను ఆ గుప్పెడూ చూశాను. గింజ మూడు ముక్కలైంది, పొట్టు మాత్రం ఇస్త్రీ చొక్కాలా చెక్కుచెదరలేదు. ఇదేం ఆడించడం! తిరగలి ముందు ముప్ఫై ఏళ్ళు కూర్చున్నదాన్ని. ఈ నూక వేస్తే మా కోళ్ళు అలిగేవి. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదంటారు. నేను గుండూ చేయించుకోలేదు, ఊరకా ఉండలేదు.

మరలు బిగించాను. కార్డు కాదు, కాకి ఈక కూడా దూరనంత బిగించాను. సంచి మొత్తం రెండు వాయిలు ఆడించాను. భుజాలు పడిపోయాయి గానీ ప్రాణం ఎంత హాయిగా ఉందని! పిండి జల్లించి, పొట్టంతా బాల్కనీలో పావురాలకు పోశాను. దేన్నీ పారెయ్యడం నా ఒంటికి పడదు.

మళ్ళీ ఓ కునుకు తీసి వచ్చిన సుధ గుండెలు బాదుకుంది. "ఆయన ముట్టుకోవద్దన్నారుగా!"

"సాయం చేస్తే తప్పా? పొట్టుతో పెడితే నీ మొగుడు తింటాడుటే?"

"తినడానిక్కాదమ్మా, తాగడానికి!"

"తాగితే మాత్రం గొంతులో గుచ్చుకోదూ?"

నా దగ్గర ఆగే ఓపిక లేదు. పిండంతా డబ్బాలో గుమ్మరించి కలియబెట్టాను.

రవిగారు వచ్చారు. "అప్పుడే నానబోశారా! మీ చెయ్యి చల్లన" అంటూ గంటసేపు ఆగి, కొళాయి తిప్పారు. చుక్క రాలేదు. ఇంకాస్త తిప్పారు. పిడి ఊడి చేతికొచ్చింది గానీ నీళ్ళు రాలేదు. గొట్టం నోట్లో పెట్టుకుని ఊదితే లోపలెక్కడో గేదె నిట్టూర్చినట్టు 'బుళుక్' మంది. మూత తీశారు. గరిటె నిటారుగా నిలబడి ఉంది.

"అత్తయ్యగారూ, పొట్టేదండీ?"

"తీసేశానండీ, శుభ్రంగా."

"అయ్యో! ఆ పొట్టేనండీ జల్లెడ! అది అడుగున పరుచుకుంటే దాని సందుల్లోంచే నీళ్ళు దిగుతాయి. అందుకే గింజ నలగాలి, పొట్టు చిరక్కూడదు."

పిండి కొద్దీ రొట్టె అన్న పెద్దలు, పిండి ఎక్కువైతే గొట్టం మూసుకుంటుందని ఒక్క ముక్క చెప్పి చావలేదు!

ఇక చూడండి, నా పాత నేతచీర తెచ్చి ఆ ముద్దను మూటగట్టాం. ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని, సముద్రమథనంలా పిండాం. సాయంత్రానికి రెండు సీసాలు దిగింది. పానీయమనడానికి మనసొప్పలేదు, గోడకు వేసే సున్నమనడానికి నోరొప్పలేదు.

ఆదివారం ఆయన ఆ సీసాలే పట్టుకెళ్ళారు. నేను పొద్దుటినుంచి గుమ్మం దగ్గరే పచార్లు. లిఫ్టు ఆగిన ప్రతిసారీ నా గుండె కూడా ఆగింది. సాయంత్రం ఆయన వచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, అప్పుడు నోరు విప్పారు.

"ముదీర్ ఒక్క గుక్క తాగాడండీ. గ్లాసు కింద పెట్టి, నా భుజమ్మీద చెయ్యేసి, 'మీ ఇంట్లో ఎవరు పోయారు రవీ?' అన్నాడు."

వాళ్ళ అరబ్బుల్లో బార్లీ పిండితో తల్బీనా అనే జావ కాస్తారట. చావు జరిగిన ఇంట్లో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినవాళ్ళకు పడతారట.

"మీరేమన్నారండీ?" అన్నాను.

"'ఇంకా ఎవరూ పోలేదు సర్, మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు' అన్నాను."

ముదీర్ పొట్ట పట్టుకుని నవ్వి, "ఖలాస్! ఆవిడ ఊరెళ్ళాక మళ్ళీ చేసి తీసుకురా" అన్నాడట. అన్నట్టే నేను విమానమెక్కిన మూడో వారానికి ఆయనకు శాంపిల్ గదీ కుర్చీ వచ్చాయి. వాళ్ళ అభివృద్ధికి నేను చేసిన అతి పెద్ద సాయం తిరిగి రావడమే!

కాబట్టి తూర్పు ముఖంగా నిలబడి, తడిబట్టలతో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో పరాయి మిల్లు మరలో వేలు పెట్టను. నోరు మాత్రం పెడతాను. ప్రమాణం వేలు వరకే.