లెక్కల పాఠాల వెనుక సుగుణ

"సుగుణ లేదు టీచరమ్మా" అని యాదయ్య ఫోన్‌లో అన్నప్పుడు, "మీర్‌పేట్ నుంచి ఇంకా రాలేదా? రికార్డింగు ఉంది, తొందరగా రమ్మను" అన్నాను నేను. మీర్‌పేట్‌లో తన అక్క ఇంటికి వెళ్లిన మనిషి గురించి భర్త ఆ మాట అంటే నాకు తట్టిన అర్థం అదొక్కటే. "ఇగ రాదమ్మా. గుండె ఆగింది. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నాడు. చేతిలో ఫోన్ అలాగే ఉంది. నలభై నాలుగేళ్ల మనిషి. డెబ్బై ఆరేళ్ల నేను ఉన్నాను. ఈ తీసివేత నాకు అర్థం కావడం లేదు.

చూపు లేని పిల్లల కోసం నేను చదివి పంపే లెక్కల పాఠాలు వినేవారికీ, వాటిని పంచే మిత్రులకూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మీకు నా గొంతు తెలుసు. దాని వెనక సన్నగా, ఎడతెగకుండా సాగే హోరు కూడా తెలుసు. ఆ హోరు సుగుణ కంప్యూటరుది. ఆ మనిషిని మీరు ఎరగరు. ఎరగాలి.

సుగుణది నల్గొండ దగ్గర ఒక పల్లె. పెళ్లయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, పెళ్లి వీడియోల మిక్సింగ్ నేర్చుకుంది. కెమెరామెన్లు తీసిన గంటల కొద్దీ వీడియోను కత్తిరించి, అతికించి, రంగులు సరిచేసి, చూడదగ్గ పెళ్లిగా నిలబెట్టే పని అది. పని చేసుకునే భవనం పడగొట్టేటప్పటికి ఎల్బీనగర్‌లో మా ఇంటికి కిరాయికి వచ్చింది. మా ఇంట్లో ఏసీ ఉన్నది వెనక గది ఒక్కటే. బయటి రొద చేరనిదీ అదే. అందుచేత ఒక మూల ఆమె కంప్యూటరు, ఇంకో మూల నా మైకు. అలా మొదలైంది మా సాహచర్యం.

చిక్కు మొదటి వారంలోనే తెలిసింది. మిక్సింగ్‌లో బొమ్మల బరువంతా మోసేది కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డు. దానికి రెండు చిన్న ఫ్యాన్లు. ఏసీ చప్పుడు మైకులో పడుతుందని నేను దాన్ని ఆపేదాన్ని. గది వేడెక్కేది. కార్డు ఎనభై మూడు డిగ్రీలకు చేరేది. నేను "ఇప్పుడు భాజకాన్ని..." అనేసరికి ఫ్యాన్లు ఒక్కసారిగా విరుచుకుపడేవి. "ఆగు టీచరమ్మా, గట్టిమేళం!" అని అరిచేది సుగుణ. తాళి కట్టే వేళ చెడ్డ మాట చెవిన పడకూడదని వాయించే మేళం, మా గదిలో నా మంచి మాటనే మింగేసేది. ఫ్యాను తగ్గిస్తే కార్డు కాగి, కంప్యూటరు దానంతటదే ఆగిపోయి, ఎవరి తలంబ్రాలో సగంలో పోయేవి.

ఫ్యాను వేగాన్ని మనమే నిర్ణయించే కిటికీ ఒకటి ఆమె తెర మీద తెరిచింది. చూద్దును కదా, అడుగున వేడి, పక్కన వేగం, మధ్యలో గీత. "ఇది రేఖాచిత్రం కదే!" అన్నాను. ఎంతో ముచ్చటపడి, వేడి పెరిగిన కొద్దీ వేగం పెరిగేలా సరళరేఖ గీయించాను. ఆనాటి నుంచి ఫ్యాన్లు ఆయాసపడ్డ మనిషిలా ఎగశ్వాస, దిగశ్వాస. సుగుణ కళ్లు మూసుకుని విని, "గీత సక్కగనే ఉన్నది టీచరమ్మా, చప్పుడే సక్కగ లేదు" అంది.

ఆమె చెవిది వేరే గణితం. "పెరిగి తగ్గే చప్పుడే తగుల్తది. ఒక్కతీరుగ ఉంటే చెవి మర్చిపోతది" అనేది. సరళరేఖను చెరిపి వెడల్పాటి మెట్లు గీసింది. డెబ్బై డిగ్రీలు దాటే వరకు ఫ్యాను ఒకే వేగం. కార్డు తాగే కరెంటుకు ఎనభై శాతం దగ్గర కట్టుబాటు. వేడి అరవై ఎనిమిది దగ్గర నిలిచింది. హోరు సన్నని దారమైంది. పని మాత్రం నెమ్మదించింది. ఇంకా తగ్గించలేవా అని నేను పట్టుబడితే, "నీకు నూటికి నూరు రావాలె. నాకు డెబ్బై దాటకుంటె పండగ!" అని నవ్వేది.

ఆ నెమ్మది ఖరీదు ఆమే భరించింది. ఒకసారి పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేసి, "ఏమ్మా, పిల్ల కాపురానికి పోయింది, వీడియో ఇంకా రాకపాయె" అని నిష్ఠూరమాడాడు. "కాపురం యాడికి పోదన్నా, జర ఓపిక వట్టు. ఈడ పిల్లలకు పరీక్షలున్నయి" అంది. ఎవరి పిల్లలని ఆయన అడగలేదు. ఆమెకు సంతానం లేదు. "పిల్లలకు పరీక్షలు" అన్నప్పుడు ఆమె ముఖం నేను చూశాను.

వేసవి వస్తే కార్డు బయటికి తీసి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, చిన్న కుంచెతో దుమ్ము దులిపేది. పసిపిల్ల చెవి తుడిచినట్టుండేది.

రికార్డు చేశాక మిగిలిన హోరును కంప్యూటరులో తగ్గించేదీ ఆమే. పూర్తిగా తీసెయ్యమని నేను పోట్లాడేదాన్ని. "మొత్తం తీస్తే నీ గొంతు రేకుడబ్బల మాట్లాడినట్టయితది. ఆళ్లకు నువ్వు మంచిగ ఇనవడాలె, అంతే గద" అనేది. అందుకే ఆ దారం మిగిలింది.

ఆమె పోయిన తరువాత, పాఠాలను పిల్లలకు పంపే పని చూసే మాధవి ఫోన్ చేసింది. "మేడమ్, ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చిందండీ. మీ గొంతుకేమీ కాకుండా వెనకాల హోరంతా తీసెయ్యొచ్చు. పాత పాఠాలన్నీ అలా శుభ్రం చేసి, ఆ పాతవి తీసేసి ఇవే పెడతాం. మీరు సరేనంటే చాలండి."

రేపు చెబుతానన్నాను. మా గదిలో ఇప్పుడు కంప్యూటరు లేదు. యాదయ్య తీసుకువెళ్లాడు. సుగుణ పెళ్లిళ్లన్నీ ఎవరెవరి ఇళ్లకో చేరిపోయాయి, వాటిలో ఎక్కడా ఆమె కనబడదు. ఆమె ఈ లోకంలో బతికి పనిచేసిందనడానికి నా దగ్గర ఉన్నది ఆ చప్పుడొక్కటే. అది ఉంచమని అడిగే అధికారం నాకుంది. రోజంతా ఆ అధికారంతోనే కూర్చున్నాను. కానీ పిల్లలకు మంచిగా వినబడాలన్నది ఆమె మాట. ఆ మాటకు ఎదురు చెప్పడానికి నాకు కారణం దొరకలేదు. మర్నాడు సరేనన్నాను.

హోరు తుడిచిన మొదటి పాఠం మాధవి పంపింది. వర్గమూలాలు. నా గొంతు ఎంత శుభ్రంగా ఉందో! ఇలాగే ఉండాలని పోరినదాన్ని నేనే. "ఇప్పుడు మీరు చేసి చూడండి" అని చెప్పి, అలవాటు ప్రకారం పిల్లలు లెక్క చేసుకునేందుకు కొంత వ్యవధి వదిలాను. ఆ వ్యవధిలో నేను మాట్లాడను. ఇన్నాళ్లూ అక్కడ పనిచేస్తూ వినిపించింది సుగుణ.

పిల్లలకు పంపించమని మాధవికి చెప్పాను. వాళ్లు బాగా వింటారు, బాగా చేస్తారు. సుగుణకు నేను చేయగలిగిన వందనం అదే. నేను మాత్రం, ఆ ఖాళీ వ్యవధిలో, జవాబు చెప్పే నా గొంతు మళ్లీ వచ్చేదాకా ఉండలేక, పాఠం ఆపేశాను.