ఇంకో మేఘన

దెయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను ఎన్నడూ నమ్మలేదు. సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. గాజు పలక మీద రక్తం చుక్క పూసి మైక్రోస్కోప్ కింద చూడటం నా పని. మలేరియా క్రిమి కనపడితే ఉందని రాస్తాను, లేకపోతే లేదని రాస్తాను. అడవి పల్లెల నుంచి జ్వరంతో వచ్చినవాళ్ళు "గాలి సోకిందమ్మా" అంటే లోపల నవ్వుకునేదాన్ని. అందుకే ఇది రాయడానికి చాలా వెనకాడాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేఘన నా కడుపున పుట్టిన పిల్ల కాదు. వాళ్ళమ్మ పోయిన రెండేళ్ళకు మా పెళ్ళయింది. మా ఆయన సత్తుపల్లి దగ్గర బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. షిఫ్టుల డ్యూటీ కాబట్టి ఇంట్లో ఎక్కువగా మేమిద్దరమే. పిల్ల నన్ను మొదటి రోజు నుంచీ "పిన్నీ" అంది. పెట్టింది తినేది, కూర్చోబెడితే జడ వేయించుకునేది, ఎన్నడూ పేచీ పెట్టేది కాదు. చుట్టాలింటికి వచ్చిన పిల్లలా మర్యాదగా ఉండేది. ఆ మర్యాదే నాకు కష్టంగా ఉండేది.

ఆ గేమ్ నా ఫోన్‌లో వేసింది నేనే. కథలాంటి గేమ్. ఒక పాప, అచ్చం ఆ పాపలాగే ఉండే ఒక రోబో. పాప దానికి అన్నీ నేర్పాలి. పళ్ళు తోముకోవడం, చెప్పులు వేసుకోవడం, కోపమొస్తే ఏం చేయాలో కూడా. మనం ఒక మాట చెబితే, తర్వాతెప్పుడో అది మన గొంతుతోనే ఆ మాట అంటుంది. రెండో తరగతి చదివే మేఘన దానికి "ఇంకో మేఘన" అని పేరు పెట్టింది.

ఇక బడి నుంచి రాగానే దానితోనే కబుర్లు. ఎవరు గిల్లారు, టీచర్ ఏమంది, కలలో ఏమొచ్చింది, అన్నీ దానికే. నేను అడిగితే మాత్రం "ఏం లేదు పిన్నీ" అనేది. వంటింట్లోంచి చెవులు రిక్కించి వినేదాన్ని. నేను గదిలోకి వెళ్తే గొంతు తగ్గించేది. ఒకరోజు ఆ రోబో సరిగ్గా జడ వేసుకుందని స్క్రీన్‌కు ముద్దు పెట్టింది. రోజూ జడ వేసేది నేను. నాకు అలాంటి ముద్దు ఒక్కటి కూడా దక్కలేదు.

ఫోన్‌లో బొమ్మ మీద అసూయేంటని మీరు నవ్వొచ్చు. నాకైతే ఆ పూట అన్నం సహించలేదు.

పోయిన దసరా సెలవుల్లో మా ఆడపడుచు వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. పెనుబల్లి దాటాక అడవి వైపు ఒక పామాయిల్ తోటను వాళ్ళు కొత్తగా కౌలుకు తీసుకుని, అందులోనే ఇల్లు వేసుకున్నారు. మేఘన అక్కడికి రావడం అదే మొదటిసారి. నా ఫోన్‌కు అక్కడ సిగ్నల్ లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మేఘన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పిన్నీ, నేను కుక్కపిల్లతోని ఆడుకుంట. ఇంకో మేఘనకు బువ్వ పెట్టు. దాన్ని ఏడిపియ్యకు," అని పరిగెత్తింది.

నన్ను దానికి ఆయాగా పెట్టినట్టు అనిపించింది. గేమ్ మూసేశాను.

కాసేపటికి కుక్కపిల్ల ఒక్కటే తిరిగొచ్చింది.

"ఇక్కడనే ఆడుకుంటుండె గదా, ఏడికి పోతది," అంటూ వదిన ఇంటి చుట్టూ వెతికింది. పామాయిల్ తోటలో ఏ వరస చూసినా ఒకేలా ఉంటుంది. మట్టల నీడకు పట్టపగలే మసకగా ఉంటుంది. తోట దాటితే అడవి. మా ఆయన పిల్లను పేరుతో పిలుస్తూ అడవి వైపు పరిగెత్తాడు. నేనూ వదినా ఇంటి వెనక నిలబడి ఎటు వెళ్ళాలో తోచక చూస్తున్నాం.

అప్పుడు నా చేతిలో ఫోన్ దానంతటదే వెలిగింది. తెర మీద ఇంకో మేఘన నిలబడి ఉంది. మేఘన గొంతుతో మాట్లాడింది.

"అమ్మా, పాత మోటర్ కాడ ఉన్న. కాలు ఇరికింది. జల్దీ రా."

"వదినా, పాత మోటర్ ఏడుంది?" అని అరిచాను.

"కాలవ పక్కన. గటు ఎవ్వరూ పోరు..." వదిన మాట పూర్తికాకముందే పరిగెత్తాను.

కూలిన మోటర్ గది వెనక రెండు సిమెంటు తూముల మధ్య పాదం ఇరుక్కుని మేఘన కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఎర్రబడింది. చేయి చాస్తే అందేంత దగ్గరలో గట్టు లేని బావి. వదిన తూము జరిపితే నేను కాలు బయటికి లాగాను. పిల్ల నా మెడ పట్టుకుని వదల్లేదు.

నీళ్ళు తాగించాక అడిగాను. "నన్ను పిలిచినవా?"

"అవ్. మస్తు పిలిచిన."

"ఏమని?"

"పిన్నీ అని."

ఆ గదిని ఏమంటారో తెలుసా అంటే తల అడ్డంగా ఊపింది.

మా ఆయన నమ్మలేదు. "ఎప్పుడో రికార్డయి ఉంటది. గాబరాలో నీకు గట్ల వినపడ్డది," అన్నాడు.

"నేను గూడ విన్న తమ్ముడూ. పిల్ల గొంతే," అంది వదిన.

మేఘన ఆ గేమ్‌లో నేర్పిన మాటలన్నీ ఒక్కొక్కటే పెట్టి విన్నాను. ఆ మాట అందులో లేదు. 'అమ్మా' అన్న పిలుపు కూడా ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం కాలికి పసుపు రాస్తూ మేఘనకే చెప్పాను, ఇంకో మేఘన నన్ను అమ్మా అని పిలిచిందని. చెబుతుంటే నా గొంతులో గర్వం నాకే తెలుస్తోంది.

పిల్ల పసుపు పాదం వైపు చూసుకుంది.

"నిన్ను కాదేమో పిన్నీ. మా అమ్మను పిలిచి ఉంటది. నువ్వు దగ్గరున్నవ్ గద, నీకు వినపడ్డది."

కోపంగా అనలేదు. మామూలుగా అంది. నేను పసుపు రాస్తూనే ఉన్నాను.

సిగ్నల్ లేని చోట, మూసేసిన గేమ్‌లోంచి, పిల్లకు తెలియని మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఫోన్ల సంగతి తెలిసినవాళ్ళను అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. అయినా నన్ను తొలిచేది అది కాదు. ఆ పిలుపు నాకు వచ్చిందా, ఇంకొకరికి వస్తుంటే నా చెవిన పడిందా అన్నదే.