ఎవరో తెచ్చిన బూట్లు

మా ఐసీయూలో గొట్టాలు తీయకముందే రోగులను లేపి నిలబెట్టడం ఫిజియోథెరపిస్టు నగకుబో పని. మత్తులో ఉంటారు కనుక, కోలుకున్నాక ఒక్కరికీ అతని ముఖం గుర్తుండదు.

నిలబడడానికి సొంత బూట్లు కావాలని ఇంటివాళ్ళ చేత తెప్పిస్తాడు. ముసలి తొమిజోకు ఎవరూ లేరు. నగకుబోయే చనిపోయిన తన తండ్రి బూట్లు తెచ్చి అతనికి తొడిగాడు. ముసలాయన గుడ్లురిమాడు.

"తిట్టుకో తాతా, నిలబడి తిట్టుకో," అన్నాడు నగకుబో.

మొన్న మేమిద్దరం స్టేషను దగ్గర సోబా నూడుల్స్ తింటుంటే తొమిజో వచ్చి పక్కన కూర్చున్నాడు. నర్సునైన నన్ను గానీ నగకుబోను గానీ గుర్తుపట్టలేదు.

"బూట్లు బాగున్నాయి తాతా," అన్నాడు నగకుబో.

"ఆస్పత్రిలో ఎవరో తెచ్చిచ్చారు బాబూ. నాకూ ఒకరున్నారన్నమాట. ఎప్పుడొస్తారో ఏమోనని, వాళ్ళు ఇంట్లో తొడుక్కోవడానికి గుమ్మంలో ఇంకో జత చెప్పులు పెట్టుంచా."

నేను నోరు తెరవబోతే నగకుబో నా కాలు తొక్కాడు.